చాట్ లైబ్రరీ పెట్టడం తేలికే, తంటా అంతా లాగౌట్ దగ్గర

మా వెబ్ యాప్ డయాగ్నస్టిక్ ల్యాబులకు బిల్లింగ్, రిపోర్టుల పని చేసిపెడుతుంది. ల్యాబ్ వాళ్లు ఏదైనా అడగాలంటే యాప్‌లోంచే అడిగేలా ఒక చాట్ లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ చాట్ కోడ్, కలిపాం. దాని పేరు రాయను. వాడటం మొదలుపెట్టి ఏడాది దాటింది.

కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. ప్యాకేజీ వేసి, యాప్ ఐడీ ఇచ్చి, యూజర్ పేరూ ఈమెయిలూ పంపితే ఆ సాయంత్రానికే చాట్ నడిచింది. ఇప్పటికీ ఆ మాట నిజమే, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్ ఉన్నచోట మాత్రమే.

ల్యాబ్ రిసెప్షన్‌లో కంప్యూటర్ ఒకటే, షిఫ్టులు రెండు. పొద్దున షిఫ్టు అబ్బాయి ఒక పేషెంట్ రిపోర్టు గురించి పేరు, ఫోన్ నంబరుతో సహా మాకు రాసి, లాగౌట్ చేసి వెళ్లాడు. మధ్యాహ్నం వేరే బ్రాంచి నుంచి వచ్చిన అమ్మాయి తన లాగిన్‌తో చాట్ తెరిస్తే అదంతా కనిపించింది. "సర్, ఇది నాది కాదండీ, ఎవరిదో వస్తోంది" అని రాసింది. ఆ మెసేజ్ కూడా మాకు అబ్బాయి పేరుతోనే వచ్చింది! అసలు మాట్లాడుతున్నదెవరో తెలియడానికే చాలాసేపు పట్టింది. పేషెంట్ వివరాలు కదా, ఆ రోజంతా టెన్షనే.

మాది సింగిల్ పేజ్ యాప్. లాగౌట్ చేసినా పేజీ రీలోడ్ కాదు. మా సెషన్ పోతుంది, చాట్‌లో ఉన్నదెవరో గుర్తుపెట్టుకునే లైబ్రరీ కుకీ మాత్రం బ్రౌజర్‌లో అలాగే ఉంటుంది. అప్పటికే నడుస్తున్న విడ్జెట్ (పేజీలోని చాట్ పెట్టె) కొత్త యూజర్ వివరాలు పట్టించుకోదు. లాగౌట్ కోడ్‌లో చాట్‌ను ఆపేసే షట్‌డౌన్ ఫంక్షన్‌ను పిలవాలి, లాగిన్‌లో మళ్లీ మొదలుపెట్టాలి. టోకెన్ (లాగిన్‌కు గుర్తుగా ఇచ్చే కోడ్) గడువు తీరి దానంతటదే లాగౌట్ అయ్యే దారిలోనూ పిలవాలి. ఇంత ముఖ్యమైన సంగతి వాళ్ల మొదటి పేజీలో లేదు, ఎక్కడో చివర ఉంది. నా కోపమల్లా దానిమీదే.

చాట్‌లోకి వచ్చింది నిజంగా ఆ యూజరేనా అని చూసే గుర్తింపు తనిఖీ సంగతీ అంతే. అది ఆన్ చేయకపోతే బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్ టైప్ చేసే చోట) ఇంకొకరి ఈమెయిల్ పెట్టి వాళ్ల చాట్ చదివేయొచ్చు. యూజర్ ఐడీకి మన సర్వర్‌లో, రహస్య కీతో ఎస్‌హెచ్‌ఏ-256 హెచ్‌మ్యాక్ (కీ లేనివాళ్లు తయారుచేయలేని ఒక రకం డిజిటల్ ముద్ర) లెక్కగట్టి పంపాలి. కీ బ్రౌజర్‌లోకి రాకూడదు. పని చిన్నదే, కానీ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది.

మొబైల్‌లో చాట్ తెరిచే గుండ్రటి బటన్ మా సేవ్ బటన్ మీద కూర్చునేది. దాన్ని దాచేసి మెనూలో మా బటన్ పెట్టుకున్నాం.

ప్రస్తుతానికి ఈ లైబ్రరీని మార్చట్లేదు. సపోర్ట్ చూసే మా ఇద్దరికీ ఫోన్‌లోంచే జవాబివ్వడం అలవాటైంది. చాట్‌వుట్ అనే ఓపెన్ సోర్స్ చాట్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే డేటా మన దగ్గరే ఉంటుంది, కానీ దాని వెనక నడిచే పోస్ట్‌గ్రెస్, రెడిస్ (డేటాబేస్‌లు), సైడ్‌కిక్ (వెనక పనులు నడిపేది) చూసుకునే మనిషి కావాలి. మీ టీమ్‌లో అలాంటి మనిషి ఉంటే ముందు అదే చూడమంటాను.