మా ఇంటికి వసారా వేయించాం, మేస్త్రి పని ఎలా ఉందో రాస్తున్నా

మాది తణుకు దగ్గర పల్లెటూరండి. పాత పెంకుటిల్లు తీసేసి 2004లో డాబా వేశారు నాన్న, అప్పుడు డబ్బులు సరిపోక ముందు వసారా వదిలేశారు, తర్వాత చూద్దాంలే అన్నది ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. గడప దాటితే ఎండ, వానొస్తే జల్లు నేరుగా హాల్లోకి. నాన్నకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక వీధిలోకి వెళ్లలేకపోతున్నారు, లోపల టీవీ ముందు కూర్చోవడం ఆయనకి ఇష్టం ఉండదు, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నీడ ఎటు జరిగితే అటు జరుపుకుంటూ కూర్చునేవారు. అది చూడలేక నేనూ తమ్ముడూ కలిసి ఎలాగైనా ఈసారి వేయించేద్దాం అనుకున్నాం.

మొదట ఒక కాంట్రాక్టర్ వచ్చాడు, పాత బీముకి డ్రిల్ కొట్టి కడ్డీలు దించి స్లాబ్ ముందుకి లాగేద్దాం అన్నాడు, 20 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు, నెల తిరిగినా మనిషి లేడు. సగం డబ్బులే వెనక్కి వచ్చాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత మా మేనమామ చెప్తే పక్క ఊరి తాపీ మేస్త్రి వచ్చారు, అరవై దాటిన మనిషి. ఆయన చేసిన మొదటి పని ఇంటి చుట్టూ తిరిగి గోడ అడుగున మట్టి చూడటం. మాది డెల్టా నల్లమట్టి కదా, ఎండాకాలం నెర్రెలు విచ్చుద్ది, వానాకాలం ఉబ్బుద్ది. "పాత ఇల్లు ఇరవయ్యేళ్ల నించి దిగాల్సింది దిగిపోయిందండి, కొత్త పునాది ఇప్పుడు దిగుద్ది, రెండూ కలిపి కట్టేస్తే కలిసినచోటే పగులుద్దండి" అన్నారు. స్లాబ్ వద్దు, పెంకు కప్పు వేసుకుందాం, పెంకైతే కాస్త కదిలినా సర్దుకుంటది అన్నారు. నాన్న మొహం వెలిగిపోయింది, ఆయనకి మొదటి నుంచీ పెంకే ఇష్టం, ఖర్చు ఎక్కువవుద్దేమో అని నోరు తెరిచి అడగలేదంతే.

నేను ఎనిమిదడుగుల వెడల్పు కావాలన్నా. ఆయన ఒప్పుకోలేదు. మంగుళూరు పెంకుకి రెండడుగులకి ఒక అడుగు వాలు ఉండాలంట, అంతకంటే తగ్గిస్తే గాలివానకి నీళ్లు పెంకు కిందకి ఎగదన్నుతాయి. మా స్లాబ్ కింద నుంచి మొదలుపెడితే ఏడడుగుల వెడల్పుకి గుంజల దగ్గర ఎత్తు ఏడడుగులు వస్తది, ఎనిమిదికి పోతే తల తగులుద్ది. గోడ మీద బొగ్గుతో గీసి చూపించారు, అర్థమైపోయింది. చివరికి 20 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు.

పాత ఇంటివి నాలుగు టేకు గుంజలు పశువుల పాకలో పడి ఉన్నాయి, వంటచెరుక్కి కూడా ఇవ్వకుండా దాచారు నాన్న. మేస్త్రి ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి చూసి, ఒకదానికి మొదలు పుచ్చిందని అడుగు మేర కోసేసి, నాలుగూ వాడేశారు. ఎత్తు తగ్గకుండా ఆ ఒక్కదానికీ రాతి దిమ్మ అడుగు ఎత్తు ఎక్కువ పెట్టారు. గుంజ మట్టికి తగలకూడదు, తగిలితే చెద పట్టుద్ది అని అన్నింటికీ రాతి దిమ్మలే. వాసాలకి మాత్రం టేకు కొనలేక ఇనప పైపులే పెట్టాం, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు రెండు కోటింగులు. పెంకులు 280 తెప్పించాం, పట్టింది 250 దాకా, మిగతావి దాచమన్నారు. పెంకు ఎక్కించే ముందు ఒక్కోటీ వేలితో కొట్టి వినేవారు, ఖంగుమంటే పైకి, మొద్దుగా మోగితే పక్కకి. అలా పద్నాలుగు పక్కన పెట్టారు. నాన్న కుర్చీలో కూర్చుని ఇది మంచిది, ఇది కాదు అని ముందే చెప్పేసేవారు, చాలా వరకు కరెక్టే.

పైన కప్పు గోడకి ఆనే చోట గోడలో గాడి కొట్టి రేకు ఫ్లాషింగ్, అంటే ఆ సందులోంచి నీళ్లు దిగకుండా పెట్టే రేకు, దూర్చి సిమెంటు పూశారు. మీరు ఎవరితో చేయించినా ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి, మా వీధిలో రెండిళ్లలో సరిగ్గా అక్కడే కారుతోంది, పైన పూత పూసి వదిలేశారు. కింద కూడా పాత బేస్‌మెంటుకీ కొత్తదానికీ మధ్య అర అంగుళం సందు వదిలి థర్మాకోల్ పెట్టారు.

ఇప్పుడు నచ్చనివి. 25 రోజులన్నారు, 47 పట్టింది, మధ్యలో వేరే వాళ్ల స్లాబ్ పనికి వెళ్లిపోయారు, ఫోన్ చేస్తే రేపండి రేపండి. ఉగాది తర్వాత మొదలుపెట్టిన పని మే నెల మండుటెండల్లో కూడా నడిచింది, అమ్మ రోజూ అంతమందికీ మజ్జిగ కలపలేక అలిసిపోయింది. రెండోది గట్టర్, అదే కప్పు అంచున వాన నీళ్లు పట్టే కాలవ. అది లెక్కలోనే లేదంట, మొదటి వానకి అంచు నీళ్లు పడి మందార మొక్క మొదలు కోసుకుపోయాక అడిగితే అప్పుడు చెప్పారు, ఇంకో 9 వేలయ్యింది. ముందే రాయించుకోవాల్సింది. నేల కూడా, తాండూరు బండలు గరుకువి వేశారు బాగానే ఉన్నాయి కానీ తులసికోట వైపు మూల నీళ్లు నిలిచాయి, చెప్పగానే బిందెతో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో సుద్దతో గీసుకుని నాలుగు బండలు లేపి మళ్లీ వేశారు, దానికి డబ్బులు తీసుకోలేదు, ఆ మాట చెప్పాలి.

అన్నీ కలిపి 2 లక్షల 40 వేల దాకా అయ్యింది. మేం కట్టినప్పుడు సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గింది, మీకు కాస్త కలిసొస్తది.

అసలు పరీక్ష మొంథా తుఫాను. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మాకు ఎంతో దూరం లేదు. రాత్రంతా ఎవరం నిద్రపోలేదు, పెంకులు లేచిపోతాయనే భయం. అంచు రెండు వరసలూ పెంకు చెవి బెజ్జంలోంచి తీగ పోసి కట్టారని నాన్న చెప్తూనే ఉన్నారు, నాకు నమ్మకం కుదరలేదు. తెల్లారి టార్చి వేసి చూస్తే అంచు వరసలో ఒక్కటి కదల్లేదు, కొబ్బరి మట్ట పడి నడుమ రెండు పగిలాయంతే. గోడ దగ్గర చెయ్యి పెట్టి చూశా, పొడి. దాచిన వాటిలోంచి రెండు పెంకులు తమ్ముడు ఎక్కించేశాడు, తొమ్మిదింటికల్లా నాన్న కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ పడిపోయిన చెట్ల లెక్క అడుగుతున్నారు వచ్చినవాళ్లని.

ఈ మేస్త్రి 10 వేలకి మించి అడ్వాన్స్ అడగరు, మిగతాది వారం వారం పని చూసే ఇవ్వమంటారు. పెంకు పని వానల్లో పట్టుకోరు, కాబట్టి చేయించుకునేవాళ్లు సంక్రాంతికే మాట్లాడుకుని పెట్టుకోండి, గట్టర్ సంగతి కాగితం మీద రాయించుకోండి.