ఫ్రీహోల్డ్ ఉమ్మడిగా కొనడమా, లీజు పొడిగించుకోవడమా?

హైదరాబాదులో ఫ్లాటు కొన్నవారికి స్థలంలో అవిభాజ్య వాటా కూడా రిజిస్టరవుతుంది. ఇంగ్లండులో పాత ఇంటిని విభజించి చేసిన ఫ్లాటు కొన్నవారికి సాధారణంగా దక్కేది దీర్ఘకాల లీజు మాత్రమే; స్థలం, భవనంపై శాశ్వత యాజమాన్య హక్కు, అంటే ఫ్రీహోల్డ్, వేరే యజమాని చేతిలో ఉంటుంది. అందువల్ల 1993 నాటి చట్టం చూపే రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది.

లీజు పొడిగింపుకు పొరుగువారి సమ్మతి అక్కరలేదు. మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు చేరి, గ్రౌండ్ రెంట్ (స్థలానికి యజమానికి చెల్లించే అద్దె) నామమాత్రమవుతుంది. అయితే మరమ్మతులు, బీమా, సర్వీసు ఛార్జీలపై పెత్తనం ఎప్పటిలాగే యజమానిదే.

ఉమ్మడి కొనుగోలుకు కనీసం సగం ఫ్లాట్లవారు కలిసిరావాలి. రెండే ఫ్లాట్లున్న ఇంట్లోనైతే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒకరు మొండికేస్తే వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది. కలిసినవారు సాధారణంగా ఒక కంపెనీ పేరున ఫ్రీహోల్డ్ తీసుకుని, తమ లీజులను 999 ఏళ్లకు పెంచుకుంటారు. కానీ చేరనివారి ఫ్లాట్లకు సంబంధించిన ధరను కూడా చేరినవారే భరించాలి; పైకప్పు కారితే నిందించడానికి వేరే యజమాని ఉండడు.

పొరుగువారితో మాట సాగే ఇంట్లో ఉమ్మడి కొనుగోలే మేలని నా అభిప్రాయం. ఎవరు ఎంత చెల్లించాలో, మధ్యలో తప్పుకుంటే ఏం చేయాలో మాత్రం యజమానికి నోటీసు పంపకముందే రాసుకోవాలి.