వూస్టర్‌లో ఆట, పాటకెట్‌లో ఆదరణ

మామయ్యగారి ఇన్సులిన్ పెట్టడానికి గదిలో ఫ్రిజ్ లేదని తెలిసినప్పుడు వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు. అందుకే ముందు ఆ హోటల్ సంగతే చెబుతాను, ఆట గురించి తర్వాత.

అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి 2025 వేసవికి మా దగ్గరికి వచ్చారు. మావాడికి పదకొండేళ్లు, బేస్‌బాల్ అంటే ప్రాణం. తాతయ్యకి ఆట చూపించాలని వాడి పట్టు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి శనివారం పొద్దున్నే ఐదుగురం కారులో బయల్దేరి మధ్యాహ్నానికి మసాచుసెట్స్‌లోని వూస్టర్ చేరాం. దారంతా హాయిగా గడిచింది.

హోటల్ ఊరి శివార్లలో, హైవే పక్కన. రెండు గదులు, ఒక్కోటి రాత్రికి 189 డాలర్లు. పక్కపక్క గదులు కావాలని బుకింగ్‌లోనే రాశాను. ప్రతి గదిలో ఫ్రిజ్ ఉంటుందని వాళ్ల ప్రకటనలోనే ఉంది. తీరా వెళ్తే ఒక గది కింద, ఇంకోటి మూడో అంతస్తులో. లిఫ్ట్ పనిచేయడం లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని వాళ్లిద్దరినీ కింద ఉంచాం. ఆ గదిలో ఫ్రిజ్ లేదు, మా గదిలోనూ లేదు. ఇన్సులిన్ పెట్టాలండీ అని కౌంటర్ దగ్గర అడిగితే, చిన్న ఫ్రిజ్ అద్దెకిస్తాం, రాత్రికి 15 డాలర్లు, కానీ ఉన్న ఒక్కటీ ఇందాకే ఎవరో తీసుకున్నారు అన్నాడు. "ఆట ఉన్న రోజుల్లో ఇంతే మేడమ్" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. ఇంకా తెరవని పెన్నులు ఆరు ఉన్నాయి, ఊరికి తిరిగి వెళ్లేదాకా వాటితోనే నడవాలి. మెషిన్ నుంచి ఐస్ తెచ్చి, పెన్నులను గుడ్డలో చుట్టి, కవర్లో వేసి బకెట్లో పెట్టాం. ఐస్ కరిగినప్పుడల్లా మార్చుకుంటూ మామయ్యగారు రాత్రి మూడుసార్లు లేచారట. అత్తయ్యగారు దారికని తెచ్చిన పెరుగు తెల్లారేసరికి పులిసిపోయింది. బిల్లులో మాత్రం గదికి 18.50 చొప్పున "ఫెసిలిటీ ఫీజు". లేని లిఫ్ట్‌కా, లేని ఫ్రిజ్‌కా? కార్డు మీద పట్టి ఉంచిన 150 డాలర్ల డిపాజిట్ పదకొండు రోజులకు గానీ వదల్లేదు. మా వారు కోపమొస్తే మాట్లాడరు, ఆ రాత్రంతా మాట్లాడలేదు. "పోనీలేమ్మా, ఒక్క రాత్రేగా" అన్నారు మామయ్యగారు. ఆ మాటకే నాకు ఎక్కువ బాధేసింది.

ఆట జరిగిన పోలార్ పార్క్ స్టేడియం మీద మాత్రం నాకే ఫిర్యాదూ లేదు. టికెట్ 24 డాలర్లు, ఐదుగురికి 120. కూర్చున్న చోటి నుంచి బంతి విసిరే పిచర్ వేళ్ల కదలిక కనిపించేంత దగ్గర. 2021లో తెరిచిన ఈ స్టేడియంలో దాదాపు తొమ్మిదిన్నర వేల మంది పడతారు. ఇక్కడి జట్టు వూసాక్స్, మేజర్ లీగ్ అనే పై స్థాయి లీగ్‌లో ఆడే బోస్టన్ రెడ్ సాక్స్‌కి సరిగ్గా ఒక మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఎ జట్టు. రేపు బోస్టన్‌లో ఆడబోయే కుర్రాళ్లని ఇవాళ ఇక్కడ చూడొచ్చు. ఎటు చూసినా నవ్వే పసుపు ముఖం బొమ్మలే. ఆ బొమ్మను 1963లో గీసిన హార్వీ బాల్‌ది ఈ ఊరే. దానికి ఆయనకు ముట్టింది 45 డాలర్లు. మా వెనక వరసలో తెలుగు వినిపిస్తే తిరిగి చూశాం, ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు. అందులో తెనాలి అమ్మాయి ఒకతె అత్తయ్యగారి పక్కకొచ్చి కూర్చుని, ఎవరు ఎప్పుడు ఎందుకు అవుటయ్యారో ఓపిగ్గా చెప్పింది. ఆరో ఇన్నింగ్స్‌కి అత్తయ్యగారు నాకంటే ముందే చప్పట్లు కొడుతున్నారు. మావాడికి 32 డాలర్లు పెట్టి వూసాక్స్ టోపీ కొన్నాం.

కారు పెట్టడానికి దగ్గర్లోని ప్రైవేటు స్థలంలో 30 డాలర్లు గుంజారు, బయటపడటానికి నలభై నిమిషాలు. దయచేసి కారులో వెళ్లకండి. బోస్టన్ నుంచి రైలెక్కి వూస్టర్ యూనియన్ స్టేషన్‌లో దిగితే స్టేడియానికి నడిచే పోవచ్చు. శని, ఆదివారాలు రెండింటికీ కలిపి రైలు పాస్ పది డాలర్లే, పదకొండేళ్ల వరకు పిల్లలకి పెద్దవాళ్లతో అయితే ఉచితం.

ఆదివారం పొద్దున్నే గదులు ఖాళీ చేసి 146వ నంబర్ రోడ్డు మీదుగా రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ వెళ్లాం. గంట దూరం కూడా లేదు. రెండు ఊళ్లకీ బ్లాక్‌స్టోన్ నదే. టిఫిన్‌కి మోడరన్ డైనర్‌లో ఆగాం. రైలింజన్ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన పాత డైనర్, అమెరికా చారిత్రక కట్టడాల జాబితాకెక్కిన మొదటి డైనర్ ఇదే. మామయ్యగారి ఒళ్లో ఐస్ సంచి చూసి, వడ్డించే ఆవిడ "మందులా?" అని అడిగింది. అవుననగానే తీసుకెళ్లి లోపల ఫ్రిజ్‌లో పెట్టింది. మేం లేచేటప్పుడు కొత్త ఐస్ నింపిన సంచిలో తిరిగి తెచ్చిచ్చింది. ఒక్క పైసా అడగలేదు. కస్టర్డ్ ఫ్రెంచ్ టోస్ట్ మావాడు రెండోసారి అడిగి తిన్నాడు. కాఫీ మిల్క్ అని ఇక్కడిదే ఒక పానీయం, చల్లటి పాలల్లో తియ్యటి కాఫీ పాకం కలిపిస్తారు. 1993 నుంచి రోడ్ ఐలండ్ అధికారిక పానీయం అదే. అత్తయ్యగారికి బాగా నచ్చింది. అందరికీ కలిపి 71 డాలర్లు, టిప్ నేను 20 ఇచ్చాను.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మావాడి టోపీనే చూస్తున్నాడు. "బాబూ, ఆ టీము మాది" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. మా వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆయన చెప్పింది చాలావరకు మా వారికి తెలుసు, నేను మాత్రం అప్పుడే విన్నాను. ఆ జట్టు 1970 నుంచి ఇక్కడే, పాసాక్స్ పేరుతో మెకాయ్ స్టేడియంలో ఆడింది. దివాలా తీసిన జట్టుని 1977లో బట్టల మిల్లుల వ్యాపారి బెన్ మాండర్ కొని నిలబెట్టాడు. 1981 ఏప్రిల్ 18 రాత్రి మొదలైన ఒక ఆట తెల్లవారుజామున 4:07 దాకా సాగి, 32 ఇన్నింగ్స్ తర్వాత ఆగింది. అప్పటికి స్టేడియంలో మిగిలింది 19 మంది ప్రేక్షకులు. జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 18 నిమిషాల్లో 3-2తో పాటకెట్ గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడవైన ఆట ఇంకోటి లేదు. ఆటగాళ్లు కూర్చునే చోటు ప్రేక్షకుల కాళ్ల కింద ఉండేదట. అందుకని పిల్లలు ఖాళీ పాల డబ్బాని కోసి, అందులో బంతీ పెన్నూ పెట్టి, తాడుకట్టి కిందికి వదిలేవారు, బావిలోకి చేద వదిలినట్టు. కిందనున్నవాళ్లు సంతకం చేసి పంపితే పైకి లాక్కునేవారు. మా వాడు ఆ మాటలు నోరు తెరుచుకుని విన్నాడు.

మాండర్ 2010లో పోయారు. 2015లో జట్టు చేతులు మారింది. పాటకెట్ నడిబొడ్డున 83 మిలియన్ డాలర్లతో కొత్త స్టేడియం అనుకున్నారు. జట్టు వంతు 45, రాష్ట్రం 23, ఊరు 15. శాసనసభలో అది నలిగి నలిగి, 2018లో బయటికొచ్చేసరికి రాష్ట్రం పూచీ తీసేసి ఉంది. ఆ ఆగస్టులోనే జట్టు వూస్టర్‌తో ఒప్పందం చేసుకుంది. వూస్టర్ అప్పుచేసి కట్టింది, ఖర్చు పెరిగి పెరిగి 160 మిలియన్ల దగ్గర తేలింది. చుట్టూ లేచే అపార్ట్‌మెంట్లు, దుకాణాల మీద వచ్చే కొత్త పన్నులతో అప్పు తీర్చాలన్నది వాళ్ల లెక్క. ఆ కట్టడాలు ఎంత ఆలస్యమైతే అంత భారం ఊరి నెత్తిన. గుంటూరు, బెజవాడల మధ్య ఏ ఆఫీసు ఎటు పోతుందా అని చూసిన మామయ్యగారికి ఇదంతా విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆయన మనసు దోచింది స్లేటర్ మిల్లు. 1793 నాటి నూలు మిల్లు, ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్లు చూసుకుంటున్నారు, ప్రవేశం ఉచితం. గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో 31 ఏళ్లు చేసిన మనిషి. పత్తిని దువ్వే కార్డింగ్ యంత్రం ముందు నిలబడి, ఎటునుంచి పత్తి వెళ్లి ఎటు స్లైవర్ (దువ్విన పత్తి పట్టీ) వస్తుందో మనవడికి వేలితో చూపిస్తుంటే, గైడ్ తన మాట ఆపి ఆయన్ని చెప్పమన్నాడు. మావాడు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాడు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు ఇక్కడ పనిచేసేవారని తెలిసినప్పుడు మామయ్యగారు కాసేపు నూలు చుట్టే బాబిన్లనే చూస్తూ ఉండిపోయారు. "మిల్లులన్నీ ఏమయ్యాయి?" అని అడిగారు. కూలి తక్కువని దక్షిణాది రాష్ట్రాలకి పోయాయి అన్నాడు గైడ్. "అయితే టీము రెండోది" అన్నారాయన, తెలుగులో, నాతో.

మెకాయ్ స్టేడియం చూద్దామని వెళ్తే అక్కడ కంచె, మట్టి. 2025లోనే కూల్చేశారు, ఆ స్థలంలో హైస్కూలు వస్తోంది. నది ఒడ్డున మాత్రం ఆ మేలోనే ఫుట్‌బాల్ (ఇక్కడి మాటలో సాకర్) స్టేడియం తెరిచారు, బోస్టన్ రైలు 2023 నుంచి ఇక్కడా ఆగుతోంది.

ఆట కోసం వూస్టర్ తప్పకుండా వెళ్లండి, ఆట ఉన్న రాత్రి మాత్రం అక్కడ గది తీసుకోకండి. పాటకెట్‌కి సగం రోజు కేటాయించండి, మిల్లు తెరిచే రోజులు ముందే చూసుకోండి. రెండు రోజులకి పెట్రోలు, టోల్ కాకుండా మాకు 780 డాలర్ల దాకా అయింది, అందులో సగం పైన ఆ హోటలే మింగింది.

మామయ్యగారు ఇప్పుడు లోవెల్ చూడాలంటున్నారు. అదీ మసాచుసెట్స్ మిల్లుల ఊరే. అక్కడి బేస్‌బాల్ జట్టు పేరు స్పిన్నర్స్ అని మనవడు చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగింది. మేజర్ లీగ్ వాళ్లు అనుబంధ జట్లని 120కి కుదించినప్పుడు అది కూడా పోయిందని తర్వాత చెప్పాడు. ఆగస్టులో వెళ్తున్నాం. ఈసారి హోటల్‌కి ఫోన్ చేసి ఫ్రిజ్ ఉందా, లిఫ్ట్ నడుస్తోందా అని రెండుసార్లు అడిగి, చెప్పినావిడ పేరు రాసిపెట్టుకున్నాను.