అమీర్‌పేటలో ఎనిమిది నెలల క్యాట్ శిక్షణ: కట్టిన ఫీజుకు దక్కినదెంత

2024 మార్చి మొదటి వారంలో, అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో ఐఐఎంల వంటి మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఎంబీఏ ప్రవేశానికి రాసే క్యాట్ పరీక్ష కోసం వారాంతపు బ్యాచ్‌లో చేరాను. ఆ ఏడాది నవంబరు 24న పరీక్ష రాసేవరకు నా శని, ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. కేంద్రం పేరు రాయడం లేదు. చేరే ముందు అదే చుట్టుపక్కల మరో మూడు చోట్ల విచారించినప్పుడు ఫీజులోనూ మాటల్లోనూ పెద్ద తేడా కనిపించలేదు కాబట్టి, పేరు కన్నా పద్ధతిని గురించి చెప్పడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తరగతులకు పెట్టిన డబ్బులో సగానికి పైగా వృథా అయింది, మాక్ (నమూనా) పరీక్షలకూ వాటి తర్వాత జరిగిన విశ్లేషణకూ పెట్టిన డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు.

నేను బీకాం చదివాను, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, అప్పటికి మూడేళ్లుగా ఒక ఆడిటర్ కార్యాలయంలో ఉద్యోగం. ఈ వివరాలు చెప్పడానికి కారణం ఉంది. ఒకే తరగతి ఇంజనీరింగ్ చదివినవారికి ఒకలా, నాలాంటివారికి మరోలా పనికొస్తుంది. ఏది ఎవరికి పనికొస్తుందో చేర్చుకునేటప్పుడు ఎవరూ అడగరు.

కౌన్సెలర్ చెప్పిన ఫీజు 45,000 రూపాయలు. రసీదు చేతికి వచ్చేసరికి అది 53,100 అయింది, ఎందుకంటే కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆ 8,100 గురించి అప్పటిదాకా ఒక్క మాట కూడా రాలేదు. పన్నుల లెక్కలు చూసే కార్యాలయంలో పనిచేస్తూ ఈ సంగతి ముందే అడగకపోవడం నా తెలివితక్కువతనమే అనుకోండి. "ఈ తగ్గింపు ఇవాళ సాయంత్రం వరకే మేడమ్, రేపటి నుంచి పాత ఫీజే" అని తొందరపెట్టారు. మే నెలలో మా సహోద్యోగి ఒకరు వెళ్తే అదే తగ్గింపు, అదే సాయంత్రం గడువుతో, ఆయనకూ దొరికింది. మాక్ పరీక్షలు మాత్రమే కావాలంటే పన్నుతో కలిపి 7,080 రూపాయలకు విడిగా ఇస్తారని నాకు తెలిసింది జులైలో, అదీ పక్క బల్లమీది విద్యార్థి ద్వారా.

ఆ గదిలో అడగవలసి ఉండీ ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: పదిలో, ఇంటర్లో, డిగ్రీలో మార్కులెన్ని? ఐఐఎం అహ్మదాబాద్, ఐఐఎం బెంగళూరు వంటి సంస్థలు ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో నిర్ణయించేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పాత చదువుల మార్కులను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇది ఆ సంస్థలే తమ ప్రవేశ విధానంలో ప్రకటించే విషయం, దాచిన రహస్యమేమీ కాదు. ఇంటర్లో మార్కులు తక్కువ వచ్చిన మనిషికి "99 పర్సంటైల్ తెచ్చుకుంటే ఎక్కడైనా సీటు" (అంటే రాసినవారిలో 99 శాతం మంది కన్నా ముందుంటే) అని చెప్పడం అబద్ధం కాకపోయినా నిజం కూడా కాదు. దీనికి బదులు కౌన్సెలర్ నాకు రాష్ట్ర స్థాయిలో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు జరిగే ఐసెట్‌ను కూడా కలిపి ఇస్తామని ఆశ చూపారు. రెండు పరీక్షలకూ పోలికే లేదు. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పుకు మార్కు కోత లేదు, ప్రశ్నపత్రంలో చాలా భాగం తెలుగులోనూ ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేస్తే సరిపోయే పరీక్షకు క్యాట్ ఫీజు కట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఇక తరగతుల సంగతి. గణితం చెప్పిన ఉపాధ్యాయుడికి విషయ పరిజ్ఞానానికి కొదవ లేదు, కానీ బ్యాచ్‌లో నూటికి ఎనభై మంది ఇంజనీరింగ్ వారు కావడంతో బోధన వారి వేగానికి తగ్గట్టు సాగింది. శాతాలు, వడ్డీలు, లాభనష్టాలు నాకు రోజూ చేసే పనే. లాగరిథమ్‌లు, ఫంక్షన్లు, అసమానతలు ఇంటర్లో గణితం లేకుండా కామర్స్ తీసుకున్నవారు ముట్టుకోనివి. ఇవి రెండూ ఒక్కొక్క వారాంతంలో అయిపోయాయి. క్యాట్‌లో కొన్నేళ్లుగా ప్రశ్నలు అరిథ్‌మెటిక్, ఆల్జీబ్రాల నుంచే ఎక్కువగా వస్తున్నా, ఒకటి రెండు ప్రశ్నలకు మించి రాని ప్రస్తారాలు, సంభావ్యతలకు మాత్రం ఐదు వారాంతాలు కేటాయించారు. అడిగితే, "అది సార్‌కు ఇష్టమైన అధ్యాయం" అని కార్యాలయంలో నవ్వుతూ చెప్పారు.

ఇంగ్లిషు తరగతులు మొదటి నాలుగు నెలలు ఇంకా అన్యాయంగా నడిచాయి. మూడువేల పదాల జాబితా ఒకటి పంచి, వారానికి రెండు వందల చొప్పున బట్టీ పట్టమన్నారు. క్యాట్‌లో పదానికి అర్థం చెప్పమని నేరుగా అడిగే ప్రశ్నలు మానేసి చాలా కాలమైంది. నేను రాసిన సంవత్సరం ఆ విభాగంలోని 24 ప్రశ్నల్లో 16 నాలుగు దీర్ఘ వ్యాసఖండాల మీద వచ్చినవే. తత్వం, పర్యావరణం, చరిత్ర, అర్థశాస్త్రం వంటి విషయాల మీద అయిదారు వందల పదాల ఇంగ్లిషు వచనాన్ని పది నిమిషాల లోపు చదివి, రచయిత ఏమన్నాడు, ఏమనలేదు అన్నది తేల్చుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇక్కడ వచ్చే కష్టం పదాలది కాదు, వాక్యాలది. మూడు ఉపవాక్యాలు దాటేసరికి మొదట ఏం చెప్పాడో మరిచిపోతాం. మళ్లీ వెనక్కి వెళ్తాం. గడియారం ముందుకు వెళ్తుంది. దీన్ని పదాల జాబితా ఏ విధంగానూ బాగుచేయలేదు.

ఆగస్టులో ఆ ఉపాధ్యాయుడు మానేసి వేరొకరు వచ్చారు. కేంద్రం మొత్తంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగిన వ్యక్తి ఆమె ఒక్కరే. జాబితాలు పక్కన పెట్టించి, ప్రతి ఖండాన్నీ చదివాక పుస్తకం మూసి, రచయిత వాదన ఏమిటో రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పమనేవారు. ఇంగ్లిషు పరీక్షకు తెలుగులో చెప్పడమేమిటని కొందరు మొదట గొణిగారు. తెలుగులో చెప్పలేకపోయామంటే ఇంగ్లిషులో అర్థం కాలేదన్నమాటేనని రెండు వారాల్లో అందరికీ తెలిసివచ్చింది. జవాబుల్లో "మాత్రమే", "ఎల్లప్పుడూ" అనే అర్థమిచ్చే మాటలున్నచోట ఆగి, రచయిత నిజంగా అంత దూరం వెళ్లాడా అని చూసుకోవడం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఈ తరగతులు మార్చి నుంచే ఉండి ఉంటే ఈ సమీక్ష స్వరం వేరుగా ఉండేది.

దత్తాంశ విశ్లేషణ, తార్కిక విభాగానికి పేరుకు తరగతులున్నా, బోర్డు మీద ఒక సెట్ (ఒకే సమాచారం మీద వచ్చే కొన్ని ప్రశ్నల గుంపు) పరిష్కరించి చూపడం తప్ప ఏ సెట్ తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నది ఎవరూ నేర్పలేదు.

అది నేర్పింది మాక్ పరీక్షలు. కేంద్రం ఇచ్చిన ముప్పైలో నేను రాసినవి 22. తెర, గడియారం, మౌస్‌తో నొక్కవలసిన కాలిక్యులేటర్, ఒక విభాగానికి 40 నిమిషాలు పూర్తయ్యేదాకా తర్వాతి విభాగంలోకి వెళ్లనివ్వని కట్టడి, అన్నీ అసలు పరీక్షను చాలా దగ్గరగా అనుసరించాయి. ప్రతి రెండో ఆదివారం మధ్యాహ్నం మాక్ రాయించి, సాయంత్రం గంటన్నర సేపు పదిమంది చొప్పున కూర్చోబెట్టి విశ్లేషణ చేయించేవారు. ఆ గంటన్నరే ఈ కేంద్రంలో నేను కొన్న అసలు సరుకు.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. క్యాట్‌లో సరైన జవాబుకు 3 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. ఐచ్ఛికాలు లేకుండా జవాబును మనమే టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు. జూన్‌లో రాసిన ఒక మాక్‌లో గణితంలోని 22 ప్రశ్నల్లో 15 చేశాను. 7 ఒప్పు, 8 తప్పు. తప్పుల్లో రెండు టైపు చేసే ప్రశ్నలు కాబట్టి కోత ఆరుకు ఆగి, 15 మార్కులు మిగిలాయి. పదిహేను ప్రశ్నలు చేశానన్న తృప్తితో ఉన్న నాకు, మా బృందాన్ని చూసే మెంటర్ నోటుపుస్తకంలో మూడు గడులు గీయించారు: వచ్చి ఒప్పు చేసినవి, వచ్చి కూడా తప్పు చేసినవి, అసలు ముట్టుకోకూడనివి. ఎనిమిది తప్పుల్లో ఆరు మూడో గడిలో పడ్డాయి, వాటి మీద ఖర్చయిన సమయం 17 నిమిషాలు. తర్వాతి మాక్‌లో పదే చేశాను. 8 ఒప్పు, 2 తప్పు, 22 మార్కులు. నాకు కొత్తగా ఒక్క సూత్రం కూడా తెలియలేదు, వదిలెయ్యడం మాత్రం తెలిసింది.

గుడ్డిగా జవాబు పెట్టడం గురించి కూడా అక్కడే తేలింది. నాలుగు ఐచ్ఛికాల్లో కళ్లు మూసుకుని ఒకటి ఎంచుకుంటే, నాలుగుసార్లలో ఒకసారి 3 వచ్చి మూడుసార్లు 1 చొప్పున పోతుంది కాబట్టి సగటున మిగిలేది సున్నా. ఒక ఐచ్ఛికాన్ని నమ్మకంగా కొట్టేయగలిగితే మాత్రం లెక్క కొద్దిగా మనవైపు మొగ్గుతుంది. ఇంత చిన్న లెక్క ఐదు నెలల తరగతుల్లో ఎవరూ చెప్పలేదు. ఆలోచిస్తే నవ్వొస్తుంది; సంభావ్యతకు ఐదు వారాంతాలు పెట్టిన చోట అది ఒక్కసారైనా పనికొచ్చే సందర్భం ఇదొక్కటే.

మాక్‌లలో ఒక లోపం ఉంది. అవి చూపే పర్సంటైల్ ఆ మాక్ రాసినవారి మధ్య మన స్థానమే తప్ప దేశం మొత్తంలో మన స్థానం కాదు. సెప్టెంబరులో 81 చూసి నేను వారం పాటు పుస్తకం తెరవలేదు. సన్నద్ధత లేనివారు చాలామంది అసలు పరీక్ష రాస్తారని, మాక్‌లు రాసేది కొంత పట్టుదల ఉన్నవారేనని ముందే చెప్పి ఉంటే ఆ వారం మిగిలేది.

నాకు మధ్యాహ్నం షిఫ్ట్ పడింది, 12:30 నుంచి 2:30 వరకు. నగరానికి దూరంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాల కేంద్రం. షిఫ్ట్ మొదలు కావడానికి పావుగంట ముందు గేటు మూసేస్తారు, గడియారం, ఫోను లోపలికి రానివ్వరు, చిత్తు లెక్కలకు వాళ్లిచ్చే కాగితమే. ఇవన్నీ శిక్షణ కేంద్రంలో ఒక పూట కూర్చోబెట్టి చెప్పారు, అది మంచి పని. చెప్పనిది, బహుశా చెప్పలేనిది, తెర తెరిచాక కనబడింది: అంతకుముందు ఏడాది 4 సెట్లుగా ఉన్న తార్కిక విభాగం ఆసారి 5 సెట్లయింది, ప్రశ్నలు 20 నుంచి 22కు పెరిగాయి. మా మాక్‌లన్నీ పాత అచ్చులోనే ఉన్నాయి. నా పక్క వరుసలో ఒకరు తల పట్టుకోవడం చూశాను. వదిలెయ్యడం అలవాటై ఉండటం వల్ల నేను ఐదింటినీ నాలుగు నిమిషాలు చూసి, రెండు ఎంచుకుని, వాటితోనే 36 నిమిషాలూ గడిపాను. మాక్‌ల విలువ నాకు పూర్తిగా తెలిసింది అక్కడే.

ఫలితం డిసెంబరు 19న వచ్చింది: 93 పర్సంటైల్. ఇంట్లో అందరూ దాన్ని నూటికి 93 మార్కులనుకుని సంబరపడ్డారు. ఆ సంవత్సరం పరీక్ష రాసినవారు సుమారు 2.93 లక్షల మంది కాబట్టి, నా ముందు ఇరవై వేల మందికి పైగా ఉన్నారని వివరించడానికి మనసొప్పలేదు. పెద్ద ఐఐఎంల నుంచి పిలుపు రాదని అప్పటికే తెలుసు, రాలేదు. రెండో వరుస సంస్థలకు దరఖాస్తు చేసుకునే వీలు దొరికింది, అది నేను ఆశించినంతే.

ఈసారి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తే మార్చిలో ఆ 53,100 కట్టను. గణితానికి పాత ప్రశ్నపత్రాలు, ఇంటర్ పుస్తకాలు. ఇంగ్లిషుకు రోజూ ఒక పెద్ద వ్యాసం, దాని సారం తెలుగులో రెండు వాక్యాలు. జూన్ నుంచి మాక్‌లు. విశ్లేషణ చేయించే మెంటర్ ఉన్న మాక్ ప్యాకేజీ దొరికితే దానికి కొంత ఎక్కువైనా ఇస్తాను. గణితంలో పునాది అసలు లేనివారికి, ఎవరో ఒకరు వెంటపడితే తప్ప చదవనివారికి తరగతులు పనికొస్తాయేమో. వారు కూడా చేరే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి: పన్నుతో కలిపి ఫీజు, మధ్యలో మానేస్తే తిరిగి ఇచ్చేదెంత, ఏ విభాగానికి ఎన్ని గంటలు.

ఫలితాలు వచ్చిన మూడో రోజు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ ఫొటో, స్కోర్ కార్డ్ పంపిస్తారా, ఫ్లెక్సీలో వేస్తున్నాం." చేరేటప్పుడే సంతకం పెట్టారు కదా అని కూడా అన్నారు, దరఖాస్తు వెనుక అలాంటి వాక్యం ఒకటి నిజంగానే ఉంది. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం విద్యార్థి ఫొటో వాడాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోవలసింది ఫలితం వచ్చాకే, ఆ విద్యార్థి ఏ కోర్సులో చేరాడో కూడా ప్రకటనలో చెప్పాలి. ఆ సంగతి చెప్పి, కొత్త అనుమతి పత్రం పంపితే చదివి సంతకం పెడతానని అన్నాను. కనుక్కుని చెబుతామన్నారు. మళ్లీ ఫోన్ రాలేదు.