మంగళగిరి, ఇకత్, కలంకారీ: ఎండాకాలం ఒంటికీ, ఆ తర్వాత ఇంటికీ ఏది మేలు?

మార్చి వచ్చిందంటే బట్టల షాపుల ముందు నిలబెట్టిన బొమ్మలన్నీ కాటన్‌లోకి మారిపోతాయి. కొన్నేళ్లుగా ఇకత్ కో-ఆర్డ్ సెట్లు (ఒకే గుడ్డతో కుట్టిన టాపూ ప్యాంటూ జత), కలంకారీ పొట్టి కుర్తీలు, లేత రంగుల మంగళగిరి అనార్కలీలు ఎండాకాలం ఫ్యాషన్ అంటే ఇవే అన్నంతగా కనిపిస్తున్నాయి. మూడూ మన ఊళ్లలో తయారయ్యేవే. అందుకే నాకు ఈ ఫ్యాషన్ అంటే ప్రత్యేకమైన ఇష్టం. అయితే కొనేటప్పుడు మనం రంగు, డిజైన్, ధర చూసి ఊరుకుంటాం. ఇంకో విషయం కూడా చూడాలి. ఆ గుడ్డ ఒంటి మీద రెండు మూడు వేసవులు ఉంటుంది. తర్వాత బీరువా అడుగుకి చేరుతుంది. అక్కడ ఊరికే పడి ఉండకుండా కిటికీకో సోఫాకో పనికొస్తే, ఇల్లు సర్దుకోవడానికి మళ్లీ విడిగా డబ్బు పెట్టక్కర్లేదు. ఈ రెండు పనుల్నీ దృష్టిలో పెట్టుకుని మూడింటినీ పోల్చి చూద్దాం.

ముందు ఒంటి సంగతి. మే నెల ఉక్కపోతలో, ముఖ్యంగా కోస్తాలో, మంగళగిరి కాటన్‌కి సాటి లేదని నా అభిప్రాయం. గుంట మగ్గం మీద సన్నని నూలుతో నేసే గుడ్డ ఇది. మధ్యలో పువ్వులూ బుటాలూ ఉండవు, ఒళ్లంతా సాదాగా ఉండి అంచులో మాత్రం జరీ నిజాం బోర్డర్ వస్తుంది. బుటాల కోసం అదనపు దారాలు వేయరు కాబట్టి గాలి బాగా ఆడుతుంది, చెమట త్వరగా ఆరుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. తెలుపు, లేత గులాబీ, లేత పసుపు రంగులు తీసుకుంటే లోపల లైనింగ్ వేయక తప్పదు. లైనింగ్ పడిందంటే రెండు పొరలు వేసుకున్నట్టే, ఆ చల్లదనం సగం పోయినట్టే. పైగా చాలామంది టైలర్లు చెప్పకపోతే క్రేప్ లైనింగ్ వేసేస్తారు, అది ఒంటికి అతుక్కుపోతుంది. అందుకని ఎండాకాలానికి మంగళగిరి కొంటే చిలకాకుపచ్చ, ఇటుక రంగు, నెమలి నీలం లాంటి మధ్యస్థపు రంగులు తీసుకోండి. లైనింగ్ అవసరం ఉండదు. లేత రంగే కావాలనుకుంటే పల్చటి కాటన్ లైనింగే వేయమని టైలర్‌కి గట్టిగా చెప్పండి.

ఇకత్ కాస్త బరువు. తెలంగాణలోని పోచంపల్లిలో నేసే ఇకత్ కాటన్‌లో పల్చటి రకాలూ ఉన్నాయి గానీ, మీటరు లెక్కన డ్రెస్ మెటీరియల్‌గా అమ్మేది ఎక్కువగా చేతికి మందంగా తగులుతుంది. దాని లాభం కూడా అదే. లైనింగ్ అక్కర్లేదు, ప్యాంటు కుట్టించుకున్నా మోకాళ్ల దగ్గర సాగినట్టు కనిపించదు. కో-ఆర్డ్ సెట్లకి ఇకత్ అంతగా నప్పడానికి ఒక కారణం ఈ నిలకడే. హైదరాబాద్ లాంటి పొడి ఎండలో ఇది హాయిగా ఉంటుంది. విజయవాడ, రాజమండ్రి ఉక్కలో మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి బరువనిపిస్తుంది.

ఇక కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ ఒంటి మీద ఎంత చల్లగా ఉంటుందనేది అద్దకం కంటే కింద ఉన్న గుడ్డ మీదే ఆధారపడుతుంది. మంచి పల్చటి కాటన్ మీద అద్దితే రెండు మూడు ఉతుకుల తర్వాత పట్టులా మెత్తబడుతుంది. రేయాన్ మీద వేసినదైతే పేరుకే కలంకారీ.

ఈ మూడింటిలోనూ సాదా రకాలు చూస్తే ధర దగ్గర పెద్దగా తేడా తేలదు. అసలు తేడా ఇంట్లోకి వచ్చాక తెలుస్తుంది.

కిటికీ తీసుకుందాం. కర్టెన్‌కి గుడ్డ ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది మర్చిపోయే విషయం, దాన్ని రెండు వైపుల నుంచీ చూస్తామని. పగలు లోపల నుంచి మనం చూస్తాం, రాత్రి లైట్ వేస్తే బయటివాళ్లకి వెనక వైపు కనిపిస్తుంది. ఇకత్‌లో నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు ఎక్కిస్తారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి గుడ్డకి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. కలంకారీలో టేకు అచ్చుతో పైనుంచి అద్దుతారు. రంగు కిందికి దిగినా వెనక వైపు కాస్త వెలిసినట్టే కనిపిస్తుంది. అందుకే కిటికీకి కలంకారీ కట్టడం నాకు నచ్చదు. వీధిలోంచి చూస్తే తిరగేసి కట్టినట్టు ఉంటుంది. దీనికి తోడు కరక్కాయ, బెల్లం ఇనుము కలిపి ఊరబెట్టిన నల్లరంగు, పటిక పట్టించి తెచ్చిన ఎరుపు లాంటి రంగులు రోజూ పడమటి ఎండ తగిలితే పాలిపోతాయి. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, అచ్చులు వేసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో జాడించి చేసిన గుడ్డని ఎండకి అర్పించడం నాకు బాధగా ఉంటుంది.

కిటికీకి నేను మంగళగిరినే మొదట నిలబెడతాను, అదీ పాత చీర. దాని వెనక ఒక చిన్న లెక్క ఉంది. చీరను మామూలుగా నిలువుగా వేలాడదీస్తారు. అలా చేస్తే అంచులు పక్కలకి పోయి, మడతల్లో మాయమైపోతాయి. అడ్డంగా వేయండి. చీర పన్నా సుమారు 46 అంగుళాలు ఉంటుంది. పైన 3 అంగుళాలు మడిచి కడ్డీ దూరేలా ఒక కుట్టు వేస్తే 43 అంగుళాలు మిగులుతుంది. మన ఇళ్లలో మామూలుగా కనిపించే మూడున్నర అడుగుల ఎత్తు కిటికీకి ఇది అచ్చంగా సరిపోతుంది. కింద మడిచి కుట్టే పనే లేదు, నిజాం బోర్డరే కింది అంచు అవుతుంది. ఐదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాలు. పమిట గజం కత్తిరించి పక్కన పెట్టినా 180 మిగులుతుంది. దాన్ని రెండు ముక్కలు చేస్తే 4 అడుగుల వెడల్పున్న రెండు కిటికీలకి ఒక్కోదానికి 90 అంగుళాలు వస్తుంది. కుచ్చులు నిండుగా పడాలంటే కిటికీ వెడల్పుకి ఒకటిన్నర నుంచి రెండింతల గుడ్డ కావాలి, ఆ లెక్క కుదిరినట్టే. పక్కన పెట్టిన పమిట డైనింగ్ టేబుల్ మీదకి పరిచే పట్టీ అవుతుంది. కుషన్‌కి మాత్రం వాడకండి, జరీ చెంపకి గీసుకుంటుంది.

పాత చీర అయితే ఇంకో లాభం కూడా ఉంది. అది ముడుచుకోవాల్సినంత ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది. కొత్త కాటన్ తెచ్చి నేరుగా కర్టెన్ కుట్టిస్తే మొదటి ఉతుకులోనే కురచై, కిటికీ కింద ఖాళీ కనిపిస్తుంది. కొత్త గుడ్డ కొంటే ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. కిటికీ మూడున్నర అడుగుల కంటే ఎత్తుగా ఉంటే చీరకి పైన ఇంకో రంగు గుడ్డ అతికి కుట్టొచ్చు. అతుకు కుచ్చుల్లో కలిసిపోతుంది, బాగానే ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి గోడకి మేకు కొట్టనివ్వరన్న టెన్షన్ ఉంటుంది. కిటికీ చట్రం లోపల ఇరికించే స్ప్రింగ్ రాడ్లు, అదే టెన్షన్ రాడ్లు, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మంగళగిరి చీర లాంటి తేలిక గుడ్డని అవి సులువుగా మోస్తాయి. బరువున్న కర్టెన్ అయితే జారిపోతాయి. అమెరికాలో, గల్ఫ్‌లో అపార్టుమెంట్లలో ఉండే మనవాళ్లకి కూడా ఇదే దారి. అమ్మ పంపిన చీర కిటికీ మీద ఉంటే ఆ గదే వేరుగా ఉంటుంది.

వెలుతురుని ఆపేసే పాలిస్టర్ బ్లాకౌట్ కర్టెన్ల గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. పడమటి వైపు బెడ్‌రూమ్, పగలు నిద్రపోయే పసిపిల్లలు, నైట్ షిఫ్ట్ ఉద్యోగం, ఇలాంటి చోట్ల పల్చటి కాటన్ పని చేయదు. అక్కడ బ్లాకౌటే వేయండి. లేదంటే చీర వెనక పాత పంచెని లైనింగ్‌లా వేసి కుట్టండి. పూర్తి చీకటి రాదు గానీ ఎండ చురుకు చాలా తగ్గుతుంది, ముందున్న రంగు కూడా కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది. మిగతా గదుల్లో పాలిస్టర్ నాకు వద్దు. కిటికీ తెరిచినా గాలి రానివ్వదు.

కూర్చునే చోటికి, పడుకునే చోటికి వస్తే లెక్క మారిపోతుంది. సోఫా మీద, దివాన్ మీద మంగళగిరి నిలవదు. అంత సన్నని నేత రాపిడికి తట్టుకోదు, కూర్చునే దగ్గర కొన్నాళ్లకే చిరుగుతుంది. ఇక్కడ ఇకత్ రాజు. పిల్లలు ఎక్కి తొక్కినా, వారం వారం ఉతికినా తట్టుకుంటుంది. రంగుల కలగలుపు వల్ల చిన్నాచితకా మరకలు కూడా కనిపించవు. పాత ఇకత్ కుర్తా వెనక భాగంతోనే ఒక 16 అంగుళాల కుషన్ కవర్ ముందు వైపు వచ్చేస్తుంది. వెనక వైపుకి ఏదైనా సాదా గుడ్డ వేసి, జిప్ బదులు కవరు మూతలా ఒకదాని మీద ఒకటి మడతపడేలా కుట్టుకుంటే టైలర్ అవసరం కూడా లేదు. గోడ మీదకైతే ఇకత్‌లోనే ఒక రకమైన తేలియా రుమాల్ చెప్పుకోవాలి. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే ఈ గుడ్డకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో ఊరబెట్టి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేస్తారు. అది ఖరీదైనది, దాన్ని కత్తిరించొద్దు. చెక్క చట్రానికి బిగించి హాల్లో పెట్టుకుంటే ఇంకే పెయింటింగూ అక్కర్లేదు.

కలంకారీ గెలిచేది చిన్న ముక్కల దగ్గర. కట్ పీసుల షాపుల్లో అర మీటరు, ముప్పావు మీటరు మిగుళ్లు తక్కువ ధరకే ఇస్తారు. ఒక వైపే కనిపించే పనులకి అవి తెచ్చుకోండి. బొంత మీద అతుకులు, పుస్తకాల అరల వెనక అతికించే గుడ్డ, ట్రేలో అద్దం కింద పరిచే ముక్క, దీపం స్టాండ్ చుట్టూ తొడుగు, ఇలాంటివి. ఎండ నేరుగా తగలని మూల చూసి పెడితే ఆ ఎరుపూ నలుపూ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పాత కాటన్ చీరలు పొరలుగా వేసి, పైన కలంకారీ ముక్కలు అతికి, దారంతో వరసగా కుట్టిన బొంత ఉందనుకోండి, ఏసీ గదిలో వేసవి రాత్రికి అంతకంటే మంచి దుప్పటి దొరకదు.

అసలుదా నకిలీదా అన్నది కొనేముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు చెప్పిన గుణాలన్నీ అసలుదానికే ఉంటాయి. ఇకత్ అయితే గుడ్డ తిరగేయండి. వెనక వైపు రంగు పాలిపోయి ఉంటే అది ఇకత్ డిజైన్ ముద్రించిన గుడ్డ. నిజమైన ఇకత్‌లో డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆ చెదురులోనే దాని అందం ఉంది. పోచంపల్లి నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా చుట్టే ఆసు పోయడం అనే పని ఉంటుంది. ఒక్క చీరకి చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. తల్లి పడే ఆ కష్టం చూసి చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ముద్రించిన గుడ్డకి ఇకత్ ధర పెట్టి కొంటే ఆ చేతులకి ఏమీ చేరదు. కలంకారీలో అచ్చుకి అచ్చుకి మధ్య అతుకు చోట వెంట్రుకవాసి తేడా వెతకండి. మీటరు పొడవునా ఒక్క తేడా కూడా లేకుండా డిజైన్ వస్తే అది స్క్రీన్ ప్రింట్. మంగళగిరికి చేనేత మార్క్ ఉందేమో చూడండి, లేదా ఆప్కో లాంటి చేనేత సహకార షాపులో కొనండి. మూడింటినీ మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేయండి.

ఒక్కటే కొనగలిగితే ఏది అని ఎవరైనా అడిగితే నా ఓటు మధ్యస్థపు రంగు మంగళగిరి చీరకి. ఎండల్లో దానంత హాయి ఇంకోటి లేదు, పాతబడ్డాక రెండు కిటికీలకీ ఒక టేబుల్‌కీ సరిపోతుంది. చీర కట్టని వాళ్లు, పిల్లలున్న ఇంటివాళ్లు మాత్రం ఇకత్ తీసుకోండి. మీ సోఫాకి అదే కావాలి.

ఆషాఢం తగ్గింపుల దాకా ఆగాలా అన్నది మరో ప్రశ్న. ఒంటికైతే ఆగొద్దు, ఆషాఢం వచ్చేసరికి ఎండలు వెళ్లిపోతాయి, కావాల్సిన రంగులూ అయిపోతాయి. కుషన్లకీ దివాన్‌కీ కావాల్సిన ఇకత్ మాత్రం అప్పుడే కొనండి. శ్రావణంలో చుట్టాలు వచ్చేలోపు కుట్టుకోవడానికి టైమ్ సరిపోతుంది.