ముగ్గురికి ఒకే మైకు: ఇంటి రికార్డింగులో షూర్ ఎస్ఎం57

సొంతంగా పాటలు కట్టుకుని ఇంట్లోనే రికార్డు చేసుకోవాలనుకునే స్నేహితుల మధ్య మొదటి వాదన సాధారణంగా మైకు దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే గొంతుకు నప్పేది గిటారుకు నప్పదు, గిటారుకు నప్పేది తాళవాద్యం దెబ్బకు తట్టుకోదు. మా ముగ్గురిలో ఒకరు పాటలు రాసి పాడతారు, ఒకరు కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె) వాయిస్తారు, గిటారూ మిక్సింగూ నా వంతు. అందరి డబ్బూ కలిపితే ఒక్క మంచి మైకుకు మాత్రమే సరిపోయింది కాబట్టి, చాలా చర్చించిన తర్వాత షూర్ ఎస్ఎం57ను తీసుకున్నాం. రెండేళ్లలో తొమ్మిది పాటలను, ఒక పాటలోని గొంతు తప్ప, దీనితోనే రికార్డు చేసి విడుదల చేసుకున్నాం.

ఈ మైకు 1965లో వచ్చింది. దీని లోపల ధ్వనిని సంకేతంగా మార్చే భాగమైన క్యాప్సూల్‌కు మూలం ఎర్నీ సీలర్ రూపొందించగా 1959లో వెలువడిన షూర్ మైకు యూనిడైన్ 3. పేరులోని ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్ అని అర్థమైనా, ఇది స్టూడియోల్లోనే కాక వేదికల మీదా, అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదికల మీదా కనిపిస్తూ వచ్చింది. ఇంత పాత పరికరం కావడం వల్ల కొత్తగా నేర్చుకునేవారికి ఒక మేలు ఉంది: ఏ వాద్యానికి దీన్ని ఎక్కడ, ఏ కోణంలో పెట్టాలో వేలమంది ఇప్పటికే ప్రయత్నించి చూసి ఉన్నారు. ఇది డైనమిక్ మైకు. ధ్వనికి కదిలే పలుచటి పొరకు అంటిన తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో ఊగడం వల్ల సంకేతం పుడుతుంది కాబట్టి, మరింత సున్నితమైన కండెన్సర్ మైకులకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (తీగ ద్వారానే మైకుకు అందే విద్యుత్తు) దీనికి అవసరం లేదు. 284 గ్రాముల లోహపు కడ్డీలా ఉండే దీని దృఢత్వం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ముగ్గురి ఇళ్ల మధ్యా సంచుల్లో తిరుగుతూ కూడా చెక్కుచెదరలేదు.

డైనమిక్ మైకు గది శబ్దాన్ని వినిపించుకోదని చాలామంది చెబుతారు, మేమూ దాన్ని నమ్మే కొన్నాం. అది పూర్తి నిజం కాదు. ఏ మైకుకూ దగ్గరి ధ్వనిని ఉంచుకుని దూరపు ధ్వనిని వదిలేసే తెలివి ఉండదు. అసలు కారణం మనం దీనికి బాగా దగ్గరగా నిలబడి పాడటమే. మైకుకూ నోటికీ మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే నేరుగా చేరే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గోడలకు తగిలి తిరిగివచ్చే ధ్వని మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. అందువల్ల గొంతు ముందుకు వచ్చి గది వెనక్కి పోతుంది. దీనికి తోడు ఇది కార్డియాయిడ్ మైకు, అంటే ఎదుటినుంచి వచ్చే ధ్వనిని బాగా, సరిగ్గా వెనుకనుంచి వచ్చేదాన్ని అతి తక్కువగా పట్టుకునేది. ఈ సంగతి అర్థమైన రోజున కంప్యూటర్ ఫ్యాను మోత మైకు వీపు వైపు వచ్చేలా బల్లను తిప్పి పెట్టుకున్నాం. అంతకుముందు వారాల తరబడి ఆ మోతను సాఫ్ట్‌వేర్‌తో తొలగించబోయి గొంతులోని సహజత్వాన్ని కూడా పోగొట్టుకున్నాం కాబట్టి, ఈ చిన్న మార్పు మాకు ఎంతో విలువైనదిగా తోచింది.

కొనేముందు తప్పక ఆలోచించవలసినది దీని బలహీనమైన సంకేతం. ఒక పాస్కల్ ధ్వని పీడనానికి ఇది ఇచ్చేది 1.6 మిల్లీవోల్టులు మాత్రమే, కండెన్సర్లు సాధారణంగా దీనికి ఎన్నో రెట్లు ఇస్తాయి. గట్టిగా పాడేవారికీ, కహోన్‌కూ ఇది సమస్య కాదు. మెత్తగా పాడేటప్పుడు మాత్రం మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ (సంకేతం పెంపు) అడగవలసి వస్తుంది, ఆ పెంపు చేసే ప్రీఆంప్ అంత శుభ్రమైనది కాకపోతే గొంతు వెనుక బుస్సుమనే శబ్దం చేరుతుంది. మైకు తీసుకునేవారు ముందుగా తమ ఇంటర్‌ఫేస్ ఎంత గెయిన్ ఇస్తుందో చూసుకోవడం మంచిది. 24 బిట్‌లలో రికార్డు చేసేటప్పుడు మీటరు ఎరుపు దాకా వెళ్లనవసరం లేదు, ధ్వని శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగినా చాలినంత స్పష్టత ఉంటుంది.

గిటారు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఆంప్లిఫయర్ ముందు పెట్టినప్పుడు దీనిది ఎదురులేని పనితనం: స్పీకర్ మధ్యభాగానికి గురిపెడితే పదునుగా, అంచు వైపు జరిపితే గుండ్రంగా వినిపిస్తుంది, రెండంగుళాల కదలికతో వచ్చే తేడా ఈక్వలైజర్‌తో గంటసేపు కష్టపడినా రాదు. అకౌస్టిక్ గిటారుకు మాత్రం రంధ్రం ఎదుట కాకుండా మెడ మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డమెట్టు) వైపు, జానెడు దూరంలో పెట్టాలి. అలా పెట్టినా తీగల మీది సన్నని మెరుపు కొంత తగ్గుతుంది, ఎందుకంటే దీని పరిధి 40 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ వరకే. చుట్టూ ఇతర వాద్యాలున్న పాటలో ఆ లోటు తెలియదు, గిటారు ఒక్కటే ఉన్న పాటలో తెలుస్తుంది.

తెలుగు పాట పాడేవారు రెండు విషయాలు గమనించాలి. 5, 6 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఈ మైకు ధ్వనిని కాస్త పెంచి చూపుతుంది కాబట్టి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, అదే కారణం వల్ల కొన్ని గొంతుల్లో శ, ష, స లు చెవికి గుచ్చుకుంటాయి. ఇక ఫ, భ వంటి మహాప్రాణాలు పలికినప్పుడు వెలువడే గాలి తిన్నగా లోపలికి కొడుతుంది, జాలీ ముందు గుండ్రటి తొడుగు లేదు గనుక. గాలిని ఆపే పలుచటి తెర, అంటే పాప్ ఫిల్టర్ పెట్టి, మైకును నోటికి కొద్దిగా పక్కగా తిప్పితే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. మరీ దగ్గరగా వస్తే, అంటే 6 మిల్లీమీటర్లలోపు, 100 హెర్ట్జ్ దగ్గర మంద్రం 6 నుంచి 10 డెసిబెల్స్ వరకు పెరుగుతుందని తయారీదారులే చెబుతారు. ఇది కొందరి గొంతుకు నిండుదనం, కొందరికి బరువు.

ఈ మైకుతో మేము నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ముగ్గురం కలిసి పాడే పల్లవి. మొదట్లో ఒక్కొక్కరం విడివిడిగా పాడి కలిపేవాళ్లం. శ్రుతి సరిపోయేది కానీ ముగ్గురూ ఒకే చోట ఉన్నట్టు అనిపించేది కాదు. తర్వాత మైకు ఎదుట అర్ధచంద్రాకారంలో నిలబడి, గొంతు పెద్దదైనవారు ఒక అడుగు వెనక్కి, చిన్నదైనవారు ఒక అడుగు ముందుకు జరిగి పాడాం. గొంతుల పాళ్లను తెర మీది మీటలతో కాకుండా కాళ్లతో సరిచేసుకున్నామన్నమాట. ఒకరు తప్పితే ముగ్గురం మళ్లీ పాడవలసిందే, తర్వాత విడదీసి దిద్దుకోవడం కుదరదు. అందుకే రికార్డు చేసే ముందు నిజంగా సాధన చేయడం మొదలుపెట్టాం. మా పాటల్లో విన్నవారు ఎక్కువగా మెచ్చుకున్నవి ఆ పల్లవులే.

ఒక హెచ్చరిక. ఈ మైకుకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి. తక్కువ ధర చూసి ఒక అమ్మకందారు దగ్గర మేము కొన్న మొదటి మైకు నకిలీదని తేలడానికి నెల పట్టింది, డబ్బు తిరిగి రాలేదు. అధీకృత విక్రేత దగ్గర బిల్లుతో తీసుకోవడమే క్షేమం.

కేవలం గొంతు కోసమే కొనేవారికి గుండ్రటి జాలీతో వచ్చే దీని తోబుట్టువు ఎస్ఎం58 మేలని నా అభిప్రాయం. గుసగుసగా, ఊపిరి వినిపించేలా పాడేవారికి రెండూ తగవు. మా తొమ్మిదో పాట అలాంటిదే, నిద్రపోతున్న ఇంట్లో పాడుకునే పాట. ఎస్ఎం57తో నాలుగు రాత్రులు ప్రయత్నించాం. ప్రతిసారీ మాటలు వచ్చాయి కానీ ఊపిరి రాలేదు, గెయిన్ పెంచినప్పుడు బుస మాత్రం వచ్చింది. చివరికి ఒక కండెన్సర్ అరువు తెచ్చుకుని, గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ఫ్రిజ్ ఆపి పాడించాం. ఆ పాటలో గొంతు ఆ మైకుది, గిటారూ కహోనూ ఎస్ఎం57వి.