ఒక ఫోటోగ్రాఫర్ సొంత యాప్: రెండు మిర్చి సీజన్ల వాడకం తర్వాత

విజయవాడలో వృత్తిగా ఫోటోగ్రఫీ చేస్తున్న ఒకాయన తన చిత్రాలన్నిటినీ ఒకచోట చూపించడానికి సొంతంగా ఒక మొబైల్ యాప్ చేయించుకున్నారు. గుంటూరు బ్రాడీపేటలో చిన్న స్టూడియో నడుపుతున్న నేను ఆ యాప్‌ను రెండు మిర్చి సీజన్లుగా దాదాపు రోజూ తెరిచి చూస్తున్నాను. మెచ్చుకోదగ్గవాటితో పాటు లోపాలను కూడా రాస్తున్నందున ఆయన పేరు గానీ, యాప్ పేరు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఇలాంటి యాప్ చేయించుకోవాలని ఆలోచిస్తున్న మన ప్రాంతపు ఫోటోగ్రాఫర్లకూ, పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లకూ పనికొస్తుందనే ఉద్దేశంతో కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది చిత్రాల వరుస. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంత మంచి ఫోటో అయినా దాని కిందనే మరెవరిదో రీలు వచ్చి పడుతుంది. చూసిన చిత్రం మనసులో కుదురుకునే లోపే వేలు ముందుకు జరిగిపోతుంది. ఇక్కడ లైకులు లేవు, కామెంట్లు లేవు, ఏ చిత్రం తర్వాత ఏది రావాలో తీసిన మనిషే నిర్ణయించారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల గ్యాలరీనే తీసుకుంటే, అది పక్షితో మొదలు కాదు. ముందు ఊరు, తర్వాత చెరువు గట్టు, ఆ గట్టు మీద నడిచిపోయే మనుషులు, ఆ తర్వాతే చెరువు మధ్య చెట్ల మీద కిక్కిరిసిన గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు అనే కొంగలు కనిపిస్తాయి. పక్షులు జనావాసానికి ఎంత దగ్గరగా గూళ్లు కట్టుకున్నాయో మాటల్లో చెప్పకుండానే ఆ వరుస చెప్పేస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లు చేసే మా వంటివాళ్లకు ఇందులో గొప్ప పాఠం ఉంది. జీలకర్ర బెల్లం ఘట్టానికి ఒకే కోణంలో తీసిన ఐదారు ఫోటోలను కరిజ్మా ఆల్బమ్‌లో (ఫోటోలను నేరుగా పేజీల మీదే ముద్రించే పెళ్లి ఆల్బమ్) ఒకే పేజీకి సర్దడం మా పనిలో మామూలే. ఈ యాప్ చూడడం మొదలుపెట్టాక నేను ఆ ఘట్టానికి ఒకే ఫోటోను పెద్దదిగా ఉంచి, ఎదురు పేజీలో ఆ క్షణాన పెళ్లికూతురి తల్లి ముఖాన్ని పెడుతున్నాను. కస్టమర్లు ఆ పేజీ దగ్గర ఆగి చూస్తున్నారు.

ఇక రంగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే గుంటూరు వాడిగా నేను ఏ ఫోటోగ్రాఫర్ పనినైనా ఎరుపు దగ్గరే పరీక్షిస్తాను. ఆసియాలోనే అతి పెద్దదిగా పేరున్న మిర్చి యార్డు మా ఊళ్లో ఉన్నా, ఎండు మిర్చిని సరిగ్గా చూపించిన ఫోటోలు చాలా తక్కువ. మామూలు జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే మెట్లు ఉంటాయి. ఎండలో ఆరబోసిన కాయల ఎరుపు సులువుగా 255ను తాకేస్తుంది, దాంతో ముడతలు, నీడలు అన్నీ మాయమై కల్లం మొత్తం ఎర్రటి పూత పూసినట్టు కనిపిస్తుంది. ఈ యాప్‌లోని మిర్చి కల్లాల చిత్రాల్లో ఆ దోషం లేదు. ఒక చిత్రాన్ని వేళ్లతో పెద్దది చేసి చూస్తే తేజ రకం కాయ మీద నిలువునా పడిన ముడత, ఎండి వంగిన తొడిమ, పలుచటి తోలు వెనుక గింజల గుండ్రటి ఛాయ విడివిడిగా తెలుస్తాయి. తాలు కాయలు (రంగు వెలిసిన నాసిరకం కాయలు) ఏరుతున్న ఒక పెద్దావిడ గోళ్ల చివర పట్టిన ఎర్రటి పొడి కూడా కాయ ఎరుపుతో కలిసిపోకుండా వేరుగా నిలబడింది.

అయితే ఇదంతా కనబడాలంటే చూసేవారి ఫోన్ కూడా సహకరించాలి. చాలా ఫోన్లు కొన్నప్పుడే డిస్‌ప్లే సెట్టింగ్ 'వివిడ్' మీద ఉంటుంది, అది ఉన్న ఎరుపును మరింత సాగదీసి, ఫోటోగ్రాఫర్ కాపాడిన ముడతలను మళ్లీ చెరిపేస్తుంది. ఆ సెట్టింగ్‌ను 'నేచురల్'కు మార్చి చూస్తే ఇదే చిత్రం వేరే చిత్రంలా ఉంటుంది. యాప్ మొదటి పేజీలోనే ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది.

ప్రతి చిత్రం కింద అది తీసినప్పటి కెమెరా సెట్టింగులు (షట్టర్ వేగం, అపెర్చర్, ఐఎస్ఓ), లెన్స్ వివరాలు ఉంటాయి. వాటికి తోడు ఆయన తెలుగులో రెండు మూడు పంక్తులు రాస్తారు, నాకు అంకెల కంటే అవే ఎక్కువ ఉపయోగపడ్డాయి. తెల్లటి ఈకల వివరం పోకుండా ఎక్స్‌పోజర్‌ను (చిత్రంలోకి చేరే వెలుతురును) ఎందుకు తగ్గించారో, గూళ్ల మీద పిల్లలున్న రోజుల్లో గట్టు దిగకుండా పొడవాటి లెన్స్‌తోనే ఎందుకు తీశారో ఆ పంక్తుల్లో ఉంటుంది. పెళ్లిళ్ల గ్యాలరీలో మాత్రం ఈ వివరాలేవీ లేవు, అది పూర్తిగా బుకింగ్‌ల కోసం పెట్టినట్టుంది.

లోపాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది గ్యాలరీ పేజీలోని చిన్న చిత్రాల కోత. అన్నిటినీ చతురస్రంగా కత్తిరించడం వల్ల నిలువు చిత్రాల్లో తలలు తెగుతున్నాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కిలోమీటరుకు పైగా పొడవుంటుంది. దాని 70 గేట్ల వరుసను వరద రోజుల్లో ఒకే ఫ్రేములో పట్టిన వెడల్పాటి చిత్రం అక్కడ నాలుగైదు గేట్ల ముక్కగా కనిపిస్తుంది. ఫ్రేము ఎక్కడ ఆపాలన్నది ఫోటోగ్రాఫర్ పనిలో సగం. ఆ నిర్ణయాన్ని ఆయన సొంత యాప్ గౌరవించకపోవడం సరికాదు. వెతుకులాట పెట్టెలో తెలుగులో రాస్తే ఏ ఫలితమూ రాదు. ఒక అప్‌డేట్ తర్వాత నెట్ లేకుండా చూడడానికి దాచుకున్న గ్యాలరీలన్నీ పోయాయి, మళ్లీ దించుకోవలసి వచ్చింది. బుకింగ్ బటన్ నొక్కగానే ఫోన్‌లోని కాంటాక్టులు చూడడానికి అనుమతి అడుగుతుంది, నిరాకరించినా పని జరుగుతుంది కాబట్టి ఎవరూ ఇవ్వనవసరం లేదు. ముహూర్తాల రోజుల్లో వచ్చే డిస్కౌంట్ నోటిఫికేషన్లను మాత్రం నేను సెట్టింగ్స్‌లో పూర్తిగా ఆపేశాను.

యాప్ నుంచే ప్రింట్లు తెప్పించుకోవచ్చు. ఉండవల్లి గుహల్లో శయనించి ఉన్న అనంతపద్మనాభుడి చిత్రాన్ని 12 బై 18 అంగుళాల సైజులో తెప్పించాను. ముందువైపు నుంచి మాత్రమే వెలుతురు పడే ఆ చీకటి గదిని ట్రైపాడ్ మీద ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి తీశారు, ఫోన్ తెర మీద విగ్రహం పాదాల వైపు ఉన్న రాతి గీతలు కూడా చక్కగా తెలుస్తాయి. కాగితం మీదకు వచ్చేసరికి ఆ భాగమంతా నలుపులో కలిసిపోయింది. తెర తనలోంచి వెలుగునిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. అందువల్ల నీడలు ఎక్కువగా ఉన్న చిత్రాన్ని ప్రింట్ కోసం కొంత వెలుగు పెంచాలని ల్యాబ్‌లో పనిచేసే ఎవరైనా చెబుతారు. ఈ సంగతి రాసి పంపితే ఆయన వెంటనే ఒప్పుకుని, నీడలను పైకి తెచ్చిన మరో ప్రింట్‌ను డబ్బు తీసుకోకుండా పంపారు. అదిప్పుడు మా స్టూడియోలో కౌంటర్ వెనుక గోడ మీద ఉంది, ట్యూబ్‌లైట్ వెలుతురులో కూడా పాదాలు కనిపిస్తున్నాయి. యాప్‌లోని ప్రింట్ పేజీలో మాత్రం ఏ కాగితం వాడతారో, నీడలు ఎక్కువున్న చిత్రాలకు ఏం సవరణ చేస్తారో ఇంకా రాయలేదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు తెర వెలుగును సగానికి తగ్గించి చిత్రాన్ని ఒకసారి చూసుకోండి. అప్పుడు కనిపించని వివరం కాగితం మీద కూడా కనిపించకపోవచ్చు కనుక, సవరించిన ప్రింట్ కావాలని ఆర్డర్‌తో పాటే రాసి పంపండి.